ప్రాణహిత అవతలి ఒడ్డు: సిరోంచ చరిత్ర, భూగోళం



తరగతి గది గోడకు వేలాడే మన రాష్ట్ర పటం ఒకసారి చూడండి. ఈశాన్యం దిక్కున నీలం గీతలాగ ప్రాణహిత నది కనపడుతుంది. ఆ గీత దాటితే పటం ఖాళీ. అవతల ఊర్లు లేనట్టు, మనుషులు లేనట్టు తెల్లగా వదిలేస్తారు. కాని చెన్నూరు, కోటపల్లి, వేమనపల్లి, మహాదేవపూర్ దిక్కు నుంచి వచ్చిన పిల్లలను అడగండి. అవతల మా మేనమామ ఉన్నడు, మా అక్కను అక్కడికే ఇచ్చిండ్రు అని చెప్పేవాళ్లు చాలామంది ఉంటరు. అందుకని ఈ సంచికలో పటంలో లేని ఆ ఒడ్డు గురించి చదువుకుందాం. ఆ ఒడ్డున ఉన్న పెద్ద ఊరు సిరోంచ.

సిరోంచ ఎక్కడ ఉంది?

సిరోంచ మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లాకు దక్షిణపు కొసన ఉన్న తాలూకా కేంద్రం. ప్రాణహితకు తూర్పు ఒడ్డున, గోదావరిలో ఆ నది కలిసే చోటుకు కొద్దిగా పైన ఉంటుంది.

ముందు ప్రాణహిత ఎట్లా పుట్టిందో తెలుసుకోవాలె. మధ్యప్రదేశ్‌లో పుట్టిన వార్ధా నది, వైన్‌గంగ నది రెండూ దక్షిణానికి పారుతూ వస్తాయి. ఆదిలాబాద్‌కు ఉత్తరాన పారే మన పెన్‌గంగ కూడా వార్ధాలోనే కలుస్తుంది. వార్ధా, వైన్‌గంగ కౌటాల మండలం తుమ్మిడిహెట్టి దగ్గర కలిసిపోతాయి. అక్కడి నుంచి ఆ నీళ్లకు ప్రాణహిత అని పేరు. ప్రాణహిత పొడవు 113 కిలోమీటర్లే. పొడవులో చిన్నది గాని, నీళ్లల్లో చిన్నది కాదు. గోదావరికి ఉన్న ఉపనదులన్నిట్లో పెద్దది ఇదే. గోదావరి పరీవాహక ప్రాంతంలో సుమారు మూడో వంతు భూమి మీద పడ్డ వాన ప్రాణహిత గుండానే వస్తుంది.

గోదావరి తల్లి నది కదా, ఉపనది అంత పెద్దది ఎట్లా అయింది అని అడగవచ్చు. గోదావరి నాసిక్ దగ్గర పుట్టి వాన తక్కువ పడే మరాఠ్వాడా మీదుగా వస్తుంది. దారిలో జాయక్‌వాడి, శ్రీరాంసాగర్ వంటి డ్యాములు ఆ నీళ్లను ఆపుకుంటాయి. ప్రాణహిత నీళ్లేమో సాత్పురా కొండల నుంచి, విదర్భ అడవుల నుంచి వస్తాయి. అందువల్ల కాళేశ్వరం దగ్గర చాలాసార్లు గోదావరి కన్నా ప్రాణహితే నిండుగా కనపడుతుంది.

రెండు నదులు కలిసే చోట మూడు మూలలు ఉంటాయి. వాయవ్యం మూల పాత ఆదిలాబాద్ జిల్లా, ఇప్పటి మంచిర్యాల జిల్లా. దక్షిణం మూల పాత కరీంనగర్ జిల్లా మహాదేవపూర్ ప్రాంతం, ఇప్పుడు జయశంకర్ భూపాలపల్లి జిల్లా. అక్కడే కాళేశ్వరం గుడి. తూర్పు మూల సిరోంచ. ఇంకా తూర్పుకు పోతే ఇంద్రావతి నది వచ్చి గోదావరిలో కలుస్తుంది. ఇంద్రావతి దాటితే ఛత్తీస్‌గఢ్. అంటే సిరోంచ తాలూకాకు పడమర ప్రాణహిత, దక్షిణాన గోదావరి, తూర్పున ఇంద్రావతి. మూడు దిక్కుల నీళ్లు, నాలుగో దిక్కు అడవి.

గడ్చిరోలి పట్నం సిరోంచ నుంచి సుమారు రెండు వందల కిలోమీటర్లు. అహేరి, ఆలాపల్లి అడవుల మీదుగా పోవాలె. మంచిర్యాల అందులో సగం దూరం కూడా లేదు. కచేరి పని గడ్చిరోలిలో, అంగడి, దవాఖాన, రైలుబండి మంచిర్యాల దిక్కున. ఇంట్లో మాట్లాడేది తెలుగు, కాగితం మీద రాసేది మరాఠీ. అడవి పల్లెల్లో గోండి, మాడియా. సిరోంచ పిల్లలకు నాలుగైదు భాషలు చెవిన పడుతూనే ఉంటాయి.

రాళ్లు చెప్పే సంగతి

మనుషుల కన్నా ముందు ఈ నేల మీద ఎవరున్నరో కూడా తెలుసుకుందాం. సిరోంచ తాలూకాలో ప్రాణహిత ఒడ్డున కోట అనే చిన్న పల్లె ఉంది. అక్కడి సున్నపురాయిలో చేపల శిలాజాలు ఉన్నాయని 1850ల నాటికే శాస్త్రజ్ఞులకు తెలిసింది. శిలాజం అంటే ఏనాడో చచ్చిపోయిన ప్రాణి బురదలో కూరుకుపోయి, కాలం గడిచినకొద్దీ రాయిగా మారిన రూపం. ఆ పల్లె పేరు మీదనే ఈ రాతి పొరలకు కోట పొరలు అని పేరు పెట్టిండ్రు. అవి ప్రాణహితకు రెండు దిక్కులా ఉన్నాయి.

సిరోంచ తాలూకా పోచంపల్లి దగ్గర 1960 ప్రాంతంలో ఒక భారీ రాక్షసబల్లి ఎముకలు దొరికాయి. దానికి బరపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. బెంగాలీలో 'బర పా' అంటే పెద్ద కాలు. రవీంద్రనాథ్ టాగోర్ శతజయంతి కాలంలో తవ్వినందున ఆయన పేరు చేర్చారు. దాని అస్థిపంజరం కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది.

మన ఒడ్డున వేమనపల్లి దగ్గరి యామన్‌పల్లిలో ఇంకో రాక్షసబల్లి దొరికింది. 1988లో దానికి కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. దాన్ని హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టారు. విజ్ఞాన యాత్రకు పోయినవాళ్లు చూసే ఉంటారు. రెండూ ఆకులలములు తినే జంతువులే. సుమారు 18 కోట్ల సంవత్సరాల కిందటివి.

ఇక్కడ ఒక ముచ్చట గమనించండి. ఆ పేరులో యామన్‌పల్లి మన ఒడ్డుది. కోట అవతలి ఒడ్డుది. ఒక జంతువు పేరులో రెండు ఒడ్ల పల్లెలూ ఉన్నాయి. అది బతికిన కాలంలో ఈ నదీ లేదు, ఈ సరిహద్దూ లేదు.

1858: బాబూరావు సెడ్మాకే

ప్రాణహిత తూర్పున ఉన్న చాందా రాజ్యాన్ని చాలా కాలం గోండు రాజులు ఏలిండ్రు. తరువాత అది నాగపూర్ భోంస్లేల చేతికి, వాళ్ల నుంచి 1850లలో ఇంగ్లీషువాళ్ల చేతికి పోయింది. అడవి పరగణాల్లో మాత్రం గోండు జమీందార్లు మిగిలిండ్రు. వాళ్లల్లో ఒకడు మోలంపల్లి జమీందారు బాబూరావు సెడ్మాకే, గోండు యువకుడు. 1858లో గోండులను, రోహిల్లాలను కూడగట్టి ఇంగ్లీషువాళ్ల మీద తిరగబడ్డాడు. అడపల్లి జమీందారు వెంకట్‌రావు ఆయనతో కలిసిండు.

1858 ఏప్రిల్ 29న ప్రాణహిత ఒడ్డున చించ్‌గుండి దగ్గర టెలిగ్రాఫ్ పని చేయిస్తున్న గార్ట్‌లాండ్, హాల్ అనే ఇద్దరు ఉద్యోగులను ఆయన మనుషులు చంపారు. టెలిగ్రాఫ్ తీగ వస్తే సర్కారు మాట ఒక్క గడియలో అడవి దాటుతుంది, ఆ వెనకే ఫౌజు వస్తుంది. ఇంగ్లీషువాళ్లు అహేరి జమీందారిణి లక్ష్మీబాయి మీద ఒత్తిడి తెచ్చి ఆమె మనుషుల చేత బాబూరావును పట్టించారు. 1858 అక్టోబర్ 21న చాందా జైలులో ఉరి తీశారు. మన దిక్కున నిర్మల్‌లో రాంజీ గోండు తిరుగుబాటు కూడా దాదాపు ఆ కాలానిదే. ఒకరిది నిజాం రాజ్యం, ఒకరిది ఇంగ్లీషు రాజ్యం. ఇద్దరూ గోండులే, ఇద్దరి వెనకా రోహిల్లాలు ఉన్నరు.

1860: నది మధ్యన గీత

అప్పటివరకు సిరోంచ నిజాం రాజ్యంలో ఉండేది. 1860లో నిజాంకు, ఇంగ్లీషువాళ్లకు ఒప్పందం జరిగింది. గోదావరి ఎడమ ఒడ్డున ఉన్న భూములను నిజాం ఇంగ్లీషువాళ్లకు ఇచ్చిండు. బదులుగా రాయచూరు దోఆబు, నల్దుర్గం తిరిగి తీసుకున్నడు. బాకీ 50 లక్షల రూపాయలు మాఫీ అయింది. ఈ బేరం ఎక్కడో దూరాన కూర్చున్న పెద్దల నడుమ జరిగింది. నది ఒడ్డున ఉన్నోళ్లను అడిగినవారు లేరు.

ఇంగ్లీషువాళ్లకు ఈ అడవి ఒడ్డు ఎందుకు కావలసి వచ్చింది? జవాబు పత్తి. విదర్భ నల్లరేగడిలో పత్తి పండుతుంది. దాన్ని ప్రాణహిత, గోదావరి మీదుగా పడవల్లో సముద్రానికి చేర్చి, అక్కడి నుంచి ఇంగ్లండు మిల్లులకు పంపాలని ఆలోచన. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ ఈ నదీ మార్గం కోసం పట్టుబట్టిన ఇంజనీరు. నది రెండు ఒడ్లు ఇద్దరు రాజుల కింద ఉంటే ప్రతి రేవులో సుంకం అడుగుతారు. అందుకే ఎడమ ఒడ్డు తీసుకొని, నది మీద పోయే సరుకుకు సుంకం ఉండొద్దని ఒప్పందంలో రాసుకున్నరు.

సిరోంచ ముఖ్యపట్నంగా అప్పర్ గోదావరి అనే కొత్త జిల్లా పుట్టింది. సెంట్రల్ ప్రావిన్సెస్‌లో అది ఒక జిల్లా. భద్రాచలం దాకా గోదావరి ఒడ్డంతా దాని కిందనే ఉండేది. ఈరోజు మూల తాలూకా అనిపించే సిరోంచలో అప్పుడు డిప్యూటీ కమిషనర్ కచేరి పెట్టి కూర్చునేవాడు.

కాని నదిలో బండరాళ్లు అడ్డం. దుమ్ముగూడెం దగ్గర, ఇచ్చంపల్లి దగ్గర, అహేరి దిక్కున దేవల్‌మరి దగ్గర మూడు చోట్ల రాతి మెట్లు ఉన్నాయి. ఆనకట్టలు, లాకులు, కాలువలు కట్టి పడవలను దాటించాలని పని మొదలుపెట్టారు. జ్వరాలు, వరదలు, కూలీల కొరత వల్ల పని సాగలేదు. ఇంతలో బొంబాయి నుంచి రైలు 1867లో నాగపూర్ చేరింది. పత్తి రైలెక్కి పోయింది. 1871లో నదీ మార్గం పని ఆపేశారు. దుమ్ముగూడెం ఆనకట్ట మాత్రం ఆనాటి గుర్తుగా మిగిలింది.

పడవల పని ఆగిన తరువాత జిల్లాతోనూ పని లేకపోయింది. 1874లో అప్పర్ గోదావరి జిల్లాను రద్దు చేసి, భద్రాచలం దిక్కును మద్రాసు ప్రెసిడెన్సీకి, సిరోంచను చాందా జిల్లాకు కలిపారు.

గీత జరిగిన సంవత్సరాలు

పరీక్షకు కాకపోయినా ఇవి గుర్తు పెట్టుకోండి.

1860: సిరోంచ నిజాం రాజ్యం నుంచి ఇంగ్లీషువాళ్ల కిందికి పోయింది.
1874: జిల్లా ముఖ్యపట్నం కాస్తా చాందా జిల్లాలో ఒక మూల అయింది.
1948: హైదరాబాద్ సంస్థానం ఇండియాలో కలిసింది. రెండు ఒడ్లూ మళ్లీ ఒకే దేశం.
1956: భాషల ప్రకారం రాష్ట్రాలు ఏర్పడ్డాయి. మన ఒడ్డు ఆంధ్రప్రదేశ్‌లో, చాందా జిల్లాతోపాటు సిరోంచ బొంబాయి రాష్ట్రంలో కలిశాయి.
1960: మే 1న మహారాష్ట్ర ఏర్పడింది.
1982: చాందా, అంటే చంద్రపూర్ జిల్లాను విడదీసి గడ్చిరోలి జిల్లా చేశారు.
2014: జూన్ 2న తెలంగాణ ఏర్పడింది.
2016: ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాలు కొత్త జిల్లాలుగా విడిపోయాయి.

సిరోంచలో ఒక ముసలమ్మ 1945లో పుట్టి ఈరోజుకూ బతికి ఉన్నదనుకోండి. ఊరు వదలకుండానే ఆమె సెంట్రల్ ప్రావిన్సెస్, మధ్యప్రదేశ్, బొంబాయి, మహారాష్ట్ర అనే పేర్ల కింద, రెండు జిల్లాల కింద బతికింది. ఆమె కదలలేదు, పేర్లు కదిలాయి.

ప్రపంచంలో ఇట్లాంటి ఊరు ఇంకోటి

దక్షిణ అమెరికాలో అమెజాన్ నది ఒడ్డున లెటీసియా అనే ఊరు ఉంది. 1867లో పెరూ దేశం స్థాపించింది. 1922 ఒప్పందంలో కొలంబియాకు ఇచ్చేసింది. అది నచ్చని పెరూవాళ్లు కొందరు 1932 సెప్టెంబర్‌లో ఊరును ఆక్రమించారు. రెండు దేశాలకు యుద్ధం వచ్చింది. 1933 నుంచి ఒక ఏడాదిపాటు నానాజాతి సమితి ఆ ఊరిని తన చేతిలో పెట్టుకొని, 1934లో కొలంబియాకు అప్పగించింది. మిగతా కొలంబియా నుంచి లెటీసియాకు రోడ్డు లేదు. విమానంలోనో, నది మీదనో రావాలె. పక్కనే బ్రెజిల్ ఊరు తబటింగా. ఒక వీధిలో నడుచుకుంటూ పోతే దేశం మారిపోతుంది.

టికూనా అనే ఆదివాసులు అక్కడ కొలంబియా, బ్రెజిల్, పెరూ మూడు దేశాల్లోనూ ఉన్నారు. మనవాళ్లు తెలంగాణ, మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్‌లో ఉన్నట్టే. దూరపు రాజధానిలో గీసిన గీత వాళ్ల ఇండ్ల నడుమ నుంచి పోయింది.

గీత వల్ల మనకేమి అవుతుంది?

గోండుల్లో పెళ్లి మాట్లాడేటప్పుడు ముందు అడిగేది ఏ సగా అని. నాలుగు దేవతలవారా, ఐదు దేవతలవారా, ఆరా, ఏడా అని చూస్తరు. ఏ రాష్ట్రం అని ఎవరూ అడగరు. కాని కచేరిలో అడిగే మొదటి మాట అదే.

రాజ్యాంగం 342వ అధికరణం ప్రకారం షెడ్యూల్డు తెగల జాబితా ఒక్కో రాష్ట్రానికి వేరువేరుగా ఉంటుంది. గోండులు ఇటూ అటూ జాబితాలో ఉన్నరు. లంబాడీలు 1976 చట్టం నుంచి మన దిక్కున ఎస్టీలు. మహారాష్ట్రలో బంజారాలు అనే పేరుతో వేరే జాబితాలో ఉన్నరు. ఆంధ్రప్రదేశ్ గిరిజన కుటుంబంలో పుట్టి, తండ్రి ఉద్యోగం వల్ల చిన్నప్పుడే బొంబాయి చేరిన ఒక విద్యార్థి అక్కడి మెడికల్ కాలేజీలో ఎస్టీ సీటు అడిగాడు. ఒక రాష్ట్రం జాబితాలో ఉన్న హక్కు ఇంకో రాష్ట్రానికి వెంట రాదని 1990లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కాబట్టి సిరోంచ నుంచి కోడలుగా ఇటు వచ్చిన అక్కకు, ఇక్కడి నుంచి అటు పోయిన చెల్లెకు చదువు, నౌకరి దగ్గర ఈ గీత అడ్డం వస్తుంది. పుట్టిన ఊరి సర్టిఫికెట్, తండ్రి సర్టిఫికెట్ జాగ్రత్తగా దాచుకోవాలె. వానకు తడవకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టమని ఇంట్లో చెప్పండి. ఇది చిన్న మాట కాదు.

రెండో సంగతి నీళ్లు. తుమ్మిడిహెట్టి దగ్గర ఆనకట్ట కడితే తమ భూములు మునుగుతాయని మహారాష్ట్ర ఒప్పుకోలేదు. తరువాత తెలంగాణ కాళేశ్వరానికి దిగువన మేడిగడ్డ దగ్గర, సిరోంచ తాలూకాకు ఎదురుగా బ్యారేజీ తలపెట్టింది. 2016 ఆగస్టులో రెండు రాష్ట్రాలు ఒప్పందం చేసుకున్నాయి. 85 గేట్ల ఆ బ్యారేజీని 2019 జూన్ 21న ప్రారంభించారు. బ్యారేజీకి ఒక కొస తెలంగాణ, ఇంకో కొస మహారాష్ట్ర. పొలాలు మునిగాయని, పరిహారం ఇవ్వాలని సిరోంచ రైతులు ఆందోళన చేశారు. బ్యాక్‌వాటర్‌లో మా పంట పోయిందని చెన్నూరు దిక్కు రైతులూ అన్నరు. 2023 అక్టోబర్ 21న బ్యారేజీ పిల్లర్లు కొన్ని కుంగిపోయాయి. గేట్లెత్తి నీళ్లు కిందికి వదిలారు.

ఇందులో మనం నేర్చుకోవలసింది ఏమిటి? ఈ ఒడ్డు లెక్క మాత్రమే చూస్తే నది లెక్క తప్పుతుంది. నీళ్లు పెరిగితే అవతల ఎంత మునిగిందో, ఇవతల ఎంత మునిగిందో రెండూ ఒకే కాగితం మీద రాయాలె. రాష్ట్రాల లెక్కలు మాత్రం వేరువేరు దస్త్రాల్లో ఉంటాయి.

మంచి సంగతి కూడా ఉంది. నిజామాబాద్ నుంచి జగ్దల్‌పూర్ పోయే జాతీయ రహదారి చాలా ఏండ్లు నదుల దగ్గర ఆగిపోయేది. వానకాలం పడవే దిక్కు. వరద ఎక్కువైతే పడవ కూడా బంద్. ఇటీవలి సంవత్సరాల్లో ప్రాణహిత మీద, కాళేశ్వరం దగ్గర గోదావరి మీద, ఇంద్రావతి మీద వంతెనలు వచ్చాయి. నొప్పులు పడే తల్లిని అర్ధరాత్రి నది దాటించవచ్చు. 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలు వచ్చినప్పుడు కాళేశ్వరంలో, సిరోంచలో, అర్జునగుట్టలో జనం ఒకే నీళ్లలో మునిగిండ్రు.

పటం గీసేవాళ్లకు నది సరిహద్దు. గీయడానికి సులువు, కొలవనక్కర లేదు. ఒడ్డున బతికేవాళ్లకు నది దారి, చేపలకు తావు, చుట్టాల ఇంటికి రేవు. రెండూ నిజమే. మనం మొదటిది పరీక్షకు నేర్చుకుంటాం. రెండోది కూడా రాసి పెట్టకపోతే, మన తరువాతివాళ్లకు పటంలో తెల్ల కాగితమే మిగులుతుంది.

ఆలోచించండి, రాయండి

1. ప్రాణహిత, గోదావరి, ఇంద్రావతి మూడు నదులనూ రెండు ఒడ్ల ఊర్లతో కలిపి పటం గీయండి. అవతలి ఒడ్డు ఖాళీగా వదలవద్దు.
2. మీ ఇంటి చుట్టాలు అవతల ఏ ఊర్లల్లో ఉన్నరు? సెలవులకు పోయినప్పుడు అవ్వను, తాతను అడిగి ఊర్ల పేర్లు రాసుకొని రండి.
3. వంతెన లేనప్పుడు నది ఎట్లా దాటేవాళ్లు? ఏ రేవు, ఏ పడవ, ఎంత కిరాయి? పడవ నడిపినవారు మీ ఊర్లో ఉంటే అడగండి.
4. ఇంగ్లీషువాళ్లు కోరిన నదీ మార్గం ఎందుకు ఆగిపోయింది? మూడు కారణాలు రాయండి.
5. రెండు రాష్ట్రాల నడుమ నది మీద బ్యారేజీ కట్టేముందు ఎవరెవరిని అడగాలె? ఎందుకు?

మంచి జవాబులను, మంచి పటాన్ని వచ్చే సంచికలో ఇదే గోడ మీద అతికిస్తాం.